తుడిచిన ఫోను

వంతెన కొట్టుకుపోయిన పెద్ద వరదకి మూడో ఏడు అది. ఊళ్లో ఏ సంగతి చెప్పబోయినా, వరదకి ముందా తర్వాతా అని అడిగేవాళ్లు. నీళ్లు నిలిచిన గీత గోడల మీద ఇంకా పోలేదు. కుట్టుమిషన్ల మేస్త్రీ కొట్లో ఆ గీత అతని భుజం దాకా ఉండేది. సున్నం వేయించాడు. మళ్లీ పైకి తేలింది. ఇంకోసారి వేయించాడు. మళ్లీ తేలింది. ఇక వదిలేశాడు.

ఆ ఏడే అతని బావమరిదిని పోలీసులు పట్టుకెళ్లారు.

బావమరిదికి ఊరు పెట్టిన పేరు ఉరుము. చప్పుడే తప్ప చినుకు పడదని ఆ పేరు. లాండ్రీలో వ్యాను నడిపేవాడు. ఆసుపత్రులకీ లాడ్జీలకీ ఉతికిన దుప్పట్లు దింపి, మాసినవి ఎక్కించుకొచ్చేవాడు. మాటలొచ్చిన దగ్గర్నుంచీ ఎవర్నో ఒకర్ని బెదిరిస్తూనే ఉన్నాడు. టీ చల్లగా ఉంటే కొట్టు పీకేస్తాననేవాడు. వ్యానుకి అడ్డొచ్చినవాడి కాళ్లు విరిచి చేతిలో పెడతాననేవాడు. ఒక్కడు కూడా భయపడలేదు. "ఏరా ఉరుమూ, నా కొట్టు పీకేదెప్పుడో చెప్పు. తలుపులకి రంగు వేయించాలా, ఆగాలా?" అని టీ కొట్టాయన అడిగేవాడు.

లాండ్రీకి కొత్తగా వచ్చిన సూపర్‌వైజరమ్మకి ఈ సంగతి తెలియదు. వేరే ఊరి మనిషి. తాగి వచ్చాడని వ్యాను తాళాలు లాక్కుంది. ఆ సాయంత్రం ఆమె ఫోనుకి రెండు మెసేజీలు వెళ్లాయి. నా తాళాలు తీసిన చెయ్యి విరిచేస్తా అని ఒకటి. గేటు దాటి ఇంటికెలా వెళ్తావో చూస్తా అని ఇంకొకటి. మర్నాడు వేరే నంబరు నుంచి మూడోది వెళ్లింది. ఆ నంబరు ఎవరిదో తెలియదు. నీ కూతురు ఏ సందులోంచి బడికి వెళ్తుందో నాకు తెలుసు అని ఉంది అందులో.

మొదటి రెండూ నావేనని ఉరుము అడగ్గానే ఒప్పుకున్నాడు. మూడోది నాది కాదన్నాడు. అది తేల్చాల్సింది అతని ఫోను. అక్క ఇంట్లో ఉన్న ఆ ఫోన్ని స్టేషనుకి తెచ్చిచ్చింది మేస్త్రీ. రెండు రోజుల తర్వాత పోలీసులు తెరిచి చూస్తే అందులో ఏమీ లేదు. కొన్న రోజు ఎలా ఉందో అలా ఉంది. పోయిన వారం భాగంలో మనం వాళ్లని అక్కడ వదిలి వచ్చాం.

బెయిలు రాలేదు.

కోర్టు వరండాలో వకీలమ్మ ఫైళ్లు చంకలో పెట్టుకుని స్తంభానికి ఆనుకుంది. పొద్దున్నుంచీ నిలబడే ఉంది. చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంది.

"జడ్జిగారు ఒక్కటే అడిగారు పెద్దాయనా. ఫోను ఎందుకు తుడిచారని. నా దగ్గర జవాబు లేదు."

మేస్త్రీ తన చేతులు చూసుకున్నాడు. గోళ్ల కింద నూనె నల్లగా ఉంది.

"మొదటి రెండు మెసేజీలే అయితే ఇంత దూరం వచ్చేది కాదు," అందామె. "బెదిరించడం నేరమే. నోటితో అన్నా నేరమే, ఫోన్లో పెట్టినా నేరమే. కానీ కోపంలో పెట్టాడు, సొంత నంబరు నుంచే పెట్టాడు, అడగ్గానే ఒప్పుకున్నాడు. ఇవన్నీ నేను చెప్పుకోవచ్చు. మూడోది అలా కాదు. పేరు దాచుకుని, చిన్నపిల్లని పెట్టి భయపెట్టింది. దానికి శిక్ష వేరే. ఏళ్లు పోతాయి."

"అది వాడిది కాదంటున్నాడు గదమ్మా."

"అందరూ అంటారు. ఆ ఫోన్లో వేరే సిమ్ము ఎప్పుడైనా పెట్టాడా లేదా అన్నది ఆ ఫోను చూస్తే ఆ పూటే తెలిసేది. ఇప్పుడు కంపెనీ వాళ్లు వివరాలు పంపాలి. వాళ్లు ఎప్పుడు పంపితే అప్పుడు. అందాకా లోపలే." ఆమె దగ్గింది. "పైగా ఆధారాలు చెరిపేశారని ఇంకో కేసు."

"ఎవరి మీద?"

"తుడిచినవాళ్ల మీద. తుడవమన్నవాళ్ల మీద. లోపల్నుంచి ఇతను కబురు పెట్టాడు, ఇంట్లోవాళ్లు పని కానిచ్చారు అని పోలీసులు అనుకుంటున్నారు. మీ ఆవిణ్ణి రేపు స్టేషనుకి రమ్మంటున్నారు."

మేస్త్రీ తలెత్తాడు. "దాన్నెందుకు?"

"ఫోను ఉన్నది ఆవిడ ఇంట్లో. ఆవిడ అక్క. తమ్ముడి కోసం ఏదైనా చేస్తుందని అనుకోవడానికి అంతకంటే ఏం కావాలి? మీకేమన్నా తెలిస్తే ఇప్పుడే చెప్పండి."

మేస్త్రీ నోరు తెరిచాడు. లోపల్నుంచి ఇంకో కేసు పిలిచారు. ఆమె చెప్పు ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది. మేస్త్రీకి నోట్లోంచి మాట రావడానికి ఎప్పుడూ కాస్త టైము పడుతుంది. అంతసేపు ఆగేవాళ్లు లోకంలో తక్కువ.

స్టేషన్లో కాపలా కానిస్టేబులు అతన్ని గుర్తుపట్టాడు.

"మా ఆవిడ మిషను ఊరికే దారం తెంపుతోంది పెద్దాయనా. ఏంటంటావ్?"

"సూది తిరగేసి పెట్టుంటారు."

"నేనే పెట్టా."

"అయితే అదే."

కానిస్టేబులు నవ్వి లోపలికి పంపాడు. ఉరుము కటకటాల వెనక గోడకి చేరగిలబడి ఉన్నాడు. గడ్డం తెల్లగా పెరిగింది. వాడికి తెల్లగడ్డం ఉంటుందని మేస్త్రీ ఎప్పుడూ అనుకోలేదు.

"వచ్చావా బావా! అక్క రాలేదా? రాదులే. ఏ మొహం పెట్టుకుని వస్తుంది! నా ఫోను తుడిచింది అదే కదా!"

"మెల్లగా."

"మెల్లగా ఏంటి, మెల్లగా! నా బతుకంతా అందులోనే ఉంది. అది కాకపోతే ఇంకెవరు? ఎవరైనా సరే, దొరకనీ బావా, ఆ తుడిచిన వేళ్లు ఒక్కొక్కటీ..."

కానిస్టేబులు తల తిప్పకుండానే, "ఇది కూడా రాసుకోమంటావా?" అన్నాడు.

ఉరుము ఆగిపోయాడు. వాడు మాట మధ్యలో ఆగడం మేస్త్రీ అంతకుముందు చూడలేదు. చువ్వల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బావా. ఒక్కటి చెప్పు. నేను ఎన్నడైనా పిల్లల జోలికి పోయానా?"

"లేదు."

"ఆ పిల్లని నేను చూసింది ఒక్కసారి. వాళ్లమ్మ కోసం లాండ్రీ గేటు దగ్గర కూర్చునుంది. బిక్కమొహం వేసుకుని కూర్చుంటే వ్యానెక్కించి హారన్ కొట్టనిచ్చా. కొట్టి కొట్టి బ్యాటరీ దింపేసింది. అంతే. దాన్ని నేనేం చేస్తాను?"

"నాకు తెలుసు."

"నీకు తెలిస్తే ఏం లాభం." ఉరుము చువ్వ పట్టుకుని నేల చూశాడు. "ఇంకో సంగతి బావా. నేను పెట్టినవి రెండూ ఎస్సై పైకి చదివాడు. గదినిండా జనం. నేను ఏదన్నా అంటే అందరూ నవ్వుతారు కదా, ఎప్పుడూ. ఆయన చదువుతుంటే ఒక్కడూ నవ్వలేదు. నాకే అవి నా మాటల్లా లేవు. ఎవడో దుర్మార్గుడి మాటల్లా ఉన్నాయి."

మేస్త్రీ చువ్వ మీద తుప్పుంటే గోటితో గీకుతున్నాడు. తుప్పు కనిపిస్తే అతని చెయ్యి ఊరుకోదు.

"అక్కనడుగు బావా. ఎందుకు చేసిందో అడుగు. కొట్టనులే. అడుగు."

"అక్క చెయ్యలేదు."

"మరెవరు?"

"రేపు చెప్తా," అన్నాడు మేస్త్రీ. బయటికి వచ్చి, స్టేషన్ మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. లేవాలనిపించలేదు.

ఇల్లు చేరేసరికి భార్య కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుడుతోంది. వీధి చివరి దర్జీకి చొక్కాల కాజాలన్నీ ఆమే చేతితో కుట్టి ఇస్తుంది. పక్కన మంచం మీద రేపటికి వేసుకోవడానికి మంచి బట్టలు ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

"కానిస్టేబులు వచ్చెళ్లాడు," అంది తలెత్తకుండా. "రేపు పొద్దున్నే రమ్మని. ఆ నాలుగు మాటలు చెప్పడానికి వీధిలో నిలబడి అరిచాడు. గుమ్మం గుమ్మానికీ ఒక మనిషి. ఎదురింటావిడైతే పీట వేసుకుని కూర్చుంది."

మేస్త్రీ కాళ్లు కడుక్కుని వచ్చి గోడ వారగా కూర్చున్నాడు.

"నేను తుడిచానంట. నాకు ఫోనెత్తడం ఒక్కటే వచ్చు. పెట్టెయ్యడం కూడా మీరే నొక్కుతారు. అదే చెప్తాను వాళ్లకి. నమ్ముతారంటారా?" దారం కొరికింది. "వాడు నన్ను తిడుతున్నాడా?"

"ఆ."

"తిట్టనీ. వాడి తిట్లు నాకు కొత్తా."

"నేను తుడిపించాను," అన్నాడు మేస్త్రీ.

ఆమె సూది ఆగింది.

వరద తగ్గాక ఆ ఊళ్లో మునిగిన కుట్టుమిషన్లన్నీ అతని కొట్టుకే వచ్చాయి. కొన్ని బండ్ల మీద వచ్చాయి, కొన్ని నెత్తి మీద వచ్చాయి. ఒక్కోదానిలో గుప్పెడు ఒండ్రు. విప్పితే జుట్టు, రిబ్బన్లు, పిల్లల గుండీలు, ఒకదానిలో చచ్చిన చేపపిల్ల. ఏడాది పట్టింది అన్నీ విప్పి, కడిగి, నూనె రాసి ఇవ్వడానికి. ముందు నుంచీ ఉన్న అలవాటే, ఆ ఏడాదితో పిచ్చిగా మారింది. తన చేతి మీదుగా పోయే వస్తువు ఏదైనా అద్దంలా ఉండాల్సిందే. పాత దారం ముక్క కూడా మిగలకూడదు. పక్కింటివాళ్లు గొడుగు అరువిచ్చినా తుడిచి, ఊచలకి నూనె రాసి తిరిగిచ్చేవాడు.

ఆ రోజు స్టేషన్ నుంచి, ఫోను తీసుకురండి అని కబురొచ్చింది. ఫోను కిటికీ మీద ఉంది. అద్దం మీద జిడ్డు, అంచుల్లో పొగాకు పొడి. మేస్త్రీ గుడ్డతో తుడిచాడు. తృప్తి కలగలేదు. అధికార్ల చేతిలో పెట్టేది ఇలాగా అనుకున్నాడు. దారిలో ఫోన్లు బాగుచేసే కొట్టు దగ్గర ఆగాడు. శుభ్రం చేసివ్వమన్నాడు.

"పైపైనా, మొత్తమా?" అని ఆ కొట్టతను అడిగాడు. "లోపలికెళ్లి చూసి ఏరాలంటే తాళం నంబరు కావాలి. మొత్తం తుడిచెయ్యడానికైతే అక్కర్లేదు."

"మొత్తం," అన్నాడు మేస్త్రీ.

అదంతా భార్యకి నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆమె చివరిదాకా వింది. ఒళ్లో చొక్కా పక్కన పెట్టింది.

"మీరా," అంది. మళ్లీ, "మీరా," అంది.

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"వాళ్లకి చెప్దాం," అంది. "మీ అలవాటు ఊరందరికీ తెలుసు. గొడుగు సంగతి పక్కింటావిడ చెప్తుంది. మిషన్ల సంగతి వంద మంది చెప్తారు. తెలియక చేశారు. దానికెవరేమంటారు?"

మేస్త్రీ మాట్లాడలేదు.

ఆమె అతని వైపు చూస్తూనే ఉంది. నలభై ఏళ్ల కాపురంలో అతను మాట్లాడిన మాటలకంటే మాట్లాడనివే ఆమెకి బాగా తెలుసు.

"శుభ్రం కోసమేనా?"

"ఆ."

"అయితే ఫోను ఖాళీగా ఉందని గోల మొదలైన రోజే చెప్పేవారు. ఇన్నాళ్లు ఎందుకు దాచారు?"

మేస్త్రీ గోడ మీద వరద గీత చూశాడు. ఇంట్లో అది నడుము దాకానే ఉంది.

"మొత్తమా అని అడిగాడు వాడు," అన్నాడు. "అడిగినప్పుడు ఒక్క క్షణం ఆలోచించా. చెత్తంతా పోతే దాంతోపాటు గొడవ కూడా పోతుందేమో అనిపించింది. కాస్త."

"కాస్తంటే?"

"కాస్త. కానీ అనిపించింది."

ఆమె లేచి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. అతని చెయ్యి తీసుకుని, గోటి కింద నల్లదనాన్ని సూది మొనతో తీయడం మొదలుపెట్టింది.

"వినండి. అలవాటు అని చెప్పండి. అది నిజమే. ఆ కాస్త మాత్రం నా దగ్గర వదిలెయ్యండి. వాళ్ల దగ్గర అనకండి. అలవాటంటే ముసలాయన తెలివితక్కువతనం అని పంపించేస్తారు. ఆ రెండో ముక్క చెప్పారంటే మిమ్మల్ని వాడి పక్కనే కూర్చోబెడతారు. ఇద్దరికీ చెరో అన్నం డబ్బా మోసుకుంటూ తిరిగే ఓపిక నాకు లేదు."

"వాడికి ఏళ్లు పడతాయంట."

"వాడు నోరు పారేసుకున్నాడు, పడనివ్వండి. ఆ మూడోది వాడిది కాదని ఎప్పటికో అప్పటికి తేలుతుంది. మీకు ఈ వయసులో ఏం తేలుతుంది?" సూది ఆపింది. "మాటివ్వండి."

మేస్త్రీ మాటివ్వలేదు. ఇవ్వననీ అనలేదు. ఆమె మళ్లీ అడగలేదు. వెళ్లి చొక్కా తీసుకుని, ఇందాక కుట్టిన కాజా వంకర పోయిందేమో, విప్పడం మొదలుపెట్టింది.

పొద్దున్నే ఆమె లేవకముందే మేస్త్రీ స్టేషనుకి బయల్దేరాడు. కొట్టు తాళాలు మంచం మీద, ఆమె ఇస్త్రీ బట్టల పైన పెట్టాడు.

స్టేషన్ వరండాలో బల్ల మీద ఒక పిల్ల కూర్చునుంది. కాళ్లు నేలకి అందడం లేదు, ఊపుతోంది. భుజాలకి పసుపు రంగు బడిసంచి. ఇంకా తియ్యలేదు. పక్కన ఒకావిడ నిలబడి ఉంది. మేస్త్రీ ఆమెని ఎప్పుడూ చూడలేదు. అయినా ఎవరో తెలిసిపోయింది. ఒక చేత్తో పిల్ల సంచి పట్టీ పట్టుకునుంది. వదిలితే ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకుంది.

గుమ్మానికి లోపల తన బల్ల దగ్గర ఎస్సై ఆమె ఫోను చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. పైకి చదివాడు.

"దొరికాడనుకుని నిద్రపోతున్నావా. పసుపు సంచి పాపకి బాగుంది." అతను మెడ రుద్దుకున్నాడు. "ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడే. బడి సందు మలుపులో ఉన్నాం. అక్కణ్ణుంచి ఇటే వచ్చేశా." ఆమె గొంతులో ఏడుపు లేదు, అరుపు లేదు. వారం రోజుల అలసట ఉంది. "సార్, దొరికాడన్నారు. ఫోను తుడిచేశాడు, ఇంక వాడే, అనుమానం లేదన్నారు. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టడం మానేశాను. నిన్న రాత్రే మొదటిసారి నిద్రపోయాను."

ఎస్సై కానిస్టేబుల్ని పిలిచి బడి సందుకి మనుషుల్ని పంపమన్నాడు. అప్పుడు లోపలికి వచ్చిన మేస్త్రీ కనిపించాడు.

"మీరా పెద్దాయనా. మీ బావమరిది నెత్తి మీద బరువు సగం దిగినట్టే ఉంది. లోపలున్నవాడు ఇది పెట్టలేడు కదా. మీ ఆవిణ్ణి కూడా ఇక రావద్దనండి. అంత అవసరం లేదు ఇప్పుడు." కుర్చీలో కూలబడ్డాడు. "వెళ్లండి, ఇంటికెళ్లండి."

వెళ్లిపోవచ్చు. ఎవరూ ఏమీ అడగడం లేదు. మేస్త్రీ గుమ్మం దాకా వచ్చాడు.

పిల్ల కాళ్లు ఊపడం ఆపి అతని వైపు చూసింది. అతని చేతుల వైపు చూసింది. ఒక గోరు మాత్రం శుభ్రంగా ఉంది. మిగతావి నల్లగా ఉన్నాయి. అది ఆ పిల్లకి వింతగా అనిపించినట్టుంది.

ఆ ఫోను ఉండుంటే ఆ పూటే తేలిపోయేదని వకీలమ్మ చెప్పింది. తేలుంటే పోలీసులు అప్పుడే ఇంకొకణ్ణి వెతికేవాళ్లు. ఇన్ని రోజులూ ఆ ఇంకొకడు ఆ సందులో తిరుగుతూనే ఉన్నాడు.

మేస్త్రీ వెనక్కి తిరిగి వచ్చి ఎస్సై బల్ల ముందున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అడగకుండా కూర్చోవడం అతనికి అలవాటు లేదు.

"రాసుకోండి సార్," అన్నాడు. "ఆ ఫోను తుడిపించింది నేను. వాడు తుడవమనలేదు, మా ఆవిడకి తెలియదు. ఎందుకు చేశానంటే రెండు కారణాలు. మొదటిది అలవాటు."

ఎస్సై కలం తీశాడు. గుమ్మం దగ్గర ఆవిడ పిల్ల సంచి పట్టీ వదలకుండానే ఇటు తిరిగింది.

"రెండోది?" అంది ఆమె.

ఈసారి అందరూ ఆగారు. మేస్త్రీకి ఎంతసేపు పడితే అంతసేపు ఆగారు.